రంగు మారిన బీరువా: ఒక వానకాలం దాటాక

పాత చెక్క సామానుకు కొత్త రంగు వేయించుకున్నవారు ఎక్కువగా సామాను ఇంటికి చేరిన రోజునే ఫొటో తీసి, అయిదు చుక్కలు పెట్టి, నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటారు. ఆ రోజున ఏ రంగైనా బాగానే కనిపిస్తుంది. చెన్నైలో చెక్క మీది రంగు గట్టితనం తెలియాలంటే అక్టోబరు మొదలు డిసెంబరు దాకా సాగే ఈశాన్య ఋతుపవనాల వానలు ఒక్కసారైనా దాన్ని చూసి పోవాలి. గోడలు చెమర్చి, డబ్బాలో ఉప్పు నీరుగారి, సొరుగులు బిగుసుకుపోయే ఆ మూడు నెలలే అసలు పరీక్ష. అందుకని మే నెలలో ఇచ్చి జూన్‌లో తెచ్చుకున్న పనిని గురించి ఇప్పుడు, సంక్రాంతి వెళ్లిన తరువాత రాస్తున్నాను. పని చేసినది ఉత్తర చెన్నైలోని ఒక చిన్న వర్క్‌షాపు. వారి పొరపాట్లలో కొన్నింటిని వారే దిద్దారు, మిగిలినవి ఈ వ్యాపారంలో చాలామంది చేసేవే కనుక పేరు ఇవ్వడం లేదు.

మా ఇల్లు పెరంబూరులో ఉంది. మామయ్యగారు ఇక్కడి ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో, అంటే 1955 నుంచి రైలు పెట్టెలు తయారు చేస్తున్న ఐసీఎఫ్‌లో, పెయింట్ షాపులో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అందువల్ల రంగు అన్న మాట ఎత్తగానే మా ఇంట్లో అభిప్రాయాలకు కరువుండదు. రైలు పెట్టె మీద ప్రయాణికుడికి కనిపించేది చివరి పూట పని మాత్రమేననీ, దాని కింద తుప్పు రాల్చడం, ప్రైమరు, పుట్టీ, సర్ఫేసరు, ఒక్కొక్క పూత ఆరాక మళ్లీ రుద్దడం అన్నీ దాగి ఉంటాయనీ ఆయన చెబుతారు. ఏ వస్తువు నునుపునైనా కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూడడం ఆయన అలవాటు. ఈ సమీక్షలోని తీర్పుల్లో సగం ఆ అరచేతివే.

ఇవ్వదలచిన వస్తువులు మూడు. మొదటిది అత్తయ్యగారి పెళ్లిలో సారెతోపాటు నెల్లూరు నుంచి వచ్చిన టేకు బీరువా. దానికి రెండు తలుపులు, ఒక తలుపుకు నిలువుటద్దం, లోపలి అరలకు ఎప్పుడో ఎవరో వేయించిన ఆకుపచ్చ ఎనామెల్ ఉన్నాయి. పైన పాలిష్ అక్కడక్కడ తెల్లని వలయాలుగా పాలిపోయింది. రెండవది మూడు సొరుగుల డ్రెస్సింగ్ టేబుల్. ఎర్రగా ముదిరిన పాలిష్‌తో, ఒక కాలు కొద్దిగా ఊగుతూ, గదిలో ఎక్కడ పెట్టినా చీకటి మూటలా ఉండేది. మూడవది మామయ్యగారి తండ్రిగారు కూర్చునే పేము అల్లిక కుర్చీ. గడిచిన ఏడాది భోగినాడు మా వీధి మంటలో ఎవరివో కుర్చీ కాళ్లు కాలుతూ ఉండగా, డ్రెస్సింగ్ టేబుల్‌ను కూడా వేసేద్దామా అని మా అబ్బాయి సరదాకు అన్నాడు. అత్తయ్యగారు నవ్వలేదు. రంగు వేయించాలన్న ఆలోచన ఆ పూటే మొదలైంది.

వర్క్‌షాపువారు ముందు వాట్సాప్‌లో ఫొటోలు పంపమని, వాటిని చూసి ధర చెప్పబోయారు. సామాను కంటితో చూడకుండా చెప్పే ధర మాకు అక్కరలేదన్నాము. మరునాడు మేస్త్రీ వచ్చారు. ఆయనది ప్రకాశం జిల్లా, చెన్నై చేరి పాతికేళ్లయిందట. మా తెలుగు విని, చెప్పులు విప్పేలోపే తమిళం మానేశారు. ఈ సేవలో నాకు మొట్టమొదట నచ్చినది ఆయన చేసిన పరీక్ష. దూదిని స్పిరిట్‌లో తడిపి, బీరువా పక్క చెక్కకు అడుగున, ఎవరికీ కనిపించని చోట అద్దారు. అర నిమిషంలో ఆ చోటు జిగురుగా మారి, దూదికి గోధుమరంగు అంటుకుంది. “ఇది చంద్రస పాలిషమ్మా, టచ్‌వుడ్ కాదు. దీని మీద నేరుగా పీయూ కొడితే నిలవదు” అన్నారు.

ఆ ఒక్క మాటలో చాలా విషయం ఉంది. టచ్‌వుడ్ అంటే డబ్బాల్లో దొరికే ఒక రకం వార్నిష్. చంద్రస అంటే లక్క పురుగు చెట్ల కొమ్మల మీద స్రవించే లక్కను శుద్ధి చేసి పొరలుగా ఆరబెట్టినది. దానిని స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో పలచని పూతలు అనేకం వేస్తే ఫ్రెంచ్ పాలిష్ అవుతుంది. స్పిరిట్‌లో కరిగినది కనుక మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది, నీటి గ్లాసు పెట్టి మరిచిపోతే తెల్లని వలయం పడుతుంది. మామూలు చంద్రసలో సహజంగా కొంత మైనం ఉంటుంది. ఆ మైనం మీద పీయూ, అంటే పాలీయురెథేన్ పూత సరిగా పట్టదు, కొన్ని నెలలకు పెచ్చులుగా లేస్తుంది. పాత పాలిష్ ఏమిటో తెలుసుకోకుండా కొత్త రంగు వేసేవారి పని ఇక్కడే బయటపడుతుంది. ధర అడిగేముందు ఈ దూది పరీక్ష చేశారా లేదా అని చూస్తే, ఎదుటి మనిషికి చెక్క తెలుసో, డబ్బాలోని రంగు మాత్రమే తెలుసో తేలిపోతుంది.

తరువాత ఏ రంగు అన్న ప్రశ్న వచ్చింది. మన వడ్రంగులు డ్యుకో అని పిలిచేది 1920లలో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీ మోటారు కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే మెరుపు పూత పేరు. ఇప్పుడు స్ప్రేతో కొట్టే ప్రతి మెరుపు రంగునూ డ్యుకో అనడం అలవాటైపోయింది. అది నిమిషాల్లో ఆరుతుంది, తళతళలాడుతుంది, కాని గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున కొడితే పాలపొర కమ్మినట్టు తెల్లబడుతుంది. సముద్రం పక్కనున్న ఊరిలో అది చిన్న సమస్య కాదు. పీయూ రెండు భాగాలుగా వస్తుంది. రంగులో గట్టిపరిచే ద్రవం కలిపిన తరువాత కొన్ని గంటల్లోగా వాడుకోవాలి, ఒకసారి గట్టిపడితే థిన్నరు కూడా దానిని కరిగించలేదు. ఈ రెండింటితోపాటు ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న చాక్ పెయింట్ ఉంది. బ్రిటన్‌లో ఆనీ స్లోన్ అనే ఆమె 1990లో దీనిని ఆ పేరుతో తయారు చేశారు. ఆ తరువాత అనేక కంపెనీలు ఆ తరహా రంగులను అమ్ముతున్నాయి. సుద్దలాంటి మెరుపులేని ముగింపు, కుంచెతో ఇంట్లోనే వేసుకోగల సౌలభ్యం, పెద్దగా రుద్దకుండానే పట్టుకునే గుణం దాని ఆకర్షణలు. మెరుపు లేనందువల్ల కుంచె గీతలు కూడా అందంగా కనిపిస్తాయి. కాని ఆ పొర నీటినీ నూనెనూ పీల్చుకుంటుంది కనుక, పైన మైనమో, వార్నిషో తప్పనిసరిగా ఉండాలి.

బీరువాకు బయట పీయూ మ్యాట్, డ్రెస్సింగ్ టేబుల్‌కు చాక్ పెయింట్ అనుకున్నాము. బీరువా 12,000 రూపాయలు, డ్రెస్సింగ్ టేబుల్ 6,500, తీసుకుపోయి తెచ్చి ఇవ్వడానికి 1,500. కుర్చీ సంగతి తరువాత చెబుతాను.

ఈ వర్క్‌షాపును మెచ్చుకోవలసిన చోటు రంగుకు ముందు జరిగిన పని. నేను రెండుసార్లు చెప్పకుండా వెళ్లి చూశాను. బీరువా బందులు, ఇత్తడి పిడులు, తాళపు రేకులు అన్నీ ఊడదీసి, ఏ తలుపువి ఆ తలుపుకు వేరు సంచిలో కట్టి, సంచి మీద పెన్నుతో రాసి ఉంచారు. ఇలా చేసేవారు తక్కువ. పిడుల చుట్టూ కాగితం అంటించి రంగు కొట్టడమే మామూలు, ఆరు నెలలకు ఆ అంచులోనే మొదటి పెచ్చు లేస్తుంది. పాత పాలిష్‌ను స్పిరిట్‌తో కడిగి, మిగిలిన మరకను 120 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 180, 220 మీదుగా రుద్దారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక ప్రైమరుకు ముందు చెక్కనంతా థిన్నరు గుడ్డతో తుడిచారు. పగుళ్లలో అదే టేకు పొట్టును జిగురుతో కలిపి దట్టించారు. మొదటి ప్రైమరు ఆరాక దీపాన్ని పక్కనుంచి వేసి, ఏటవాలు వెలుగులో గుంటలు వెతికి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ చోట్ల మాత్రమే పుట్టీ పెట్టారు. మామయ్యగారికి ఈ దీపం సంగతి చెప్పినప్పుడు, ఆయన ముఖంలో చాలా రోజుల తరువాత ఉద్యోగం రోజుల వెలుగు కనిపించింది.

మెచ్చుకోలేని సంగతి కూడా అదే రోజున చూశాను. లోపలి అరల మీది ఆకుపచ్చ ఎనామెల్‌ను ఒక కుర్రవాడు యంత్రంతో పొడిపొడిగా రుద్దుతున్నాడు. ముక్కుకు చేతిరుమాలు తప్ప మరేమీ లేదు, పచ్చని దుమ్ము సందులోకి ఎగిరిపోతోంది. పాత కాలపు ఎనామెల్ రంగుల్లో సీసం సర్వసాధారణంగా ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని 2016లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చాయి. మా బీరువాలోని ఆకుపచ్చ దానికి ఎన్నో దశాబ్దాల ముందుది. సీసపు దుమ్ముకు చేతిరుమాలు అడ్డం కాదు, పైగా అది బట్టలతోపాటు ఆ కుర్రవాడి ఇంటికి, అతనికి పిల్లలుంటే వారి దగ్గరికి పోతుంది. నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో తడిగా రుద్దమనీ, ఆ బురదను గుడ్డతో ఎత్తి పారవేయమనీ, సరైన మాస్కు ఇవ్వమనీ నేను గట్టిగానే అడిగాను. తడిగా రుద్దడం ఆ పూటకు ఒప్పుకున్నారు. మాస్కు విషయంలో మాత్రం యజమాని నవ్వి ఊరుకున్నారు. నా సామాను ఎంత బాగా వచ్చినా ఈ వర్క్‌షాపుకు పూర్తి మార్కులు వేయలేకపోవడానికి మొదటి కారణం ఆ నవ్వు. పీయూ స్ప్రే చేసేటప్పుడు వెలువడే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ఇంకా హానికరం. అక్కడ కూడా అదే చేతిరుమాలు.

మధ్యలో ఒక రోజు మేస్త్రీ బీరువా వెనక చెక్క ఫొటో పంపారు. అది టేకు కాదు, ఏదో నాసిరకం చెక్క. దాని నిండా సూది మొన అంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి. పుచ్చు పురుగు. దాని మీద రంగు వేస్తే లోపల పురుగు తన పని తాను చేసుకుంటూనే ఉంటుందనీ, చెక్క మార్చి, చుట్టుపక్కల టేకు కీళ్లకు పురుగుమందు పట్టించడం మంచిదనీ, ప్లైవుడ్‌తో కలిపి 1,800 అదనంగా అవుతుందనీ చెప్పి, మా ఒప్పుదల వచ్చాకనే చేశారు. పైన పటారం, లోన లొటారంగా పంపి డబ్బు తీసుకోవడానికి వారికి అన్ని వీలులూ ఉన్నాయి, గోడకు ఆనించే వెనక చెక్కను ఎవరు చూస్తారు? ఈ నిజాయితీని నేను సీసం తగాదాకు ఎదురుగా పెట్టి తూచుతున్నాను.

రంగు ఎంపిక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బీరువాకు నెమలికంఠం రంగు, డ్రెస్సింగ్ టేబుల్‌కు మీగడ తెలుపు. కాగితం మీద చూసిన రంగు ఇంటి వెలుగులో వేరుగా కనిపిస్తుంది కనుక చెక్క ముక్క మీద వేసి తెమ్మన్నాము, తెచ్చారు.

సామాను జూన్ రెండవ వారంలో ఇంటికి వచ్చింది. పైకి అంతా ముచ్చటగా ఉంది, అత్తయ్యగారు బీరువా చుట్టూ రెండుసార్లు తిరిగారు. మామయ్యగారు కళ్లు మూసుకుని నిమిరి, పై పలక దగ్గర ఆగిపోయారు. ఏటవాలుగా చూస్తే పై పలక మీద వందలాది చిన్న గుండ్రని ముద్రలు, సామాను చుట్టిన బుడగల ప్లాస్టిక్ కాగితం అచ్చులు. చివరి పూత వేసిన మూడవ రోజుకే చుట్టి లారీ ఎక్కించారన్న సంగతి అడిగితే తెలిసింది. పీయూ చేతికి ఆరినట్టు అనిపించినా లోపల పూర్తిగా గట్టిపడడానికి సుమారు వారం పడుతుంది, చాక్ పెయింటు అయితే ఇంకా ఎక్కువ, నెల దాకా పట్టవచ్చు. మెత్తగా ఉన్న పూత మీద బరువు పడితే ఎదురుగా ఏది ఉంటే అదే అచ్చవుతుంది. ‘పెళ్లిళ్ల సీజను, చోటు లేదు’ అన్నది వారు చెప్పిన కారణం. రంగు ఆరే కాలం కూడా పనిలో భాగమేననీ, దానికీ చోటు ఉండాలనీ వారికి తెలియక కాదు. పది రోజుల తరువాత మేస్త్రీయే వచ్చి, 1000 నంబరు వాటర్ పేపరుతో ఆ పలకను రుద్ది, ఇంకొక పూత వేసి వెళ్లారు. డబ్బు అడగలేదు. ఇప్పుడు ఆ ముద్రలు లేవు.

డ్రెస్సింగ్ టేబుల్ కథ ఇంకొంచెం పొడవు. నెల తిరగకముందే మీగడ తెలుపులో నుంచి గులాబీ మచ్చలు పైకి తేలాయి. మొదట సొరుగుల అంచుల్లో, తరువాత కాళ్ల మీద, పాలలో కుంకుమ పడినట్టు. నేను కుంకుమే అనుకుని తుడిచాను, పోలేదు. ఆ కాలంలో టేకును ఖరీదైన ఎర్ర చెక్కలా కనిపించేట్టు చేయడానికి పాలిష్‌లో ఎర్ర రంగుపొడి కలిపేవారు. అది చెక్క నరాల్లోకి దిగి ఉంటుంది. నీటితో కలిపిన తెల్లరంగు పడగానే కరిగి పైకి పాకుతుంది. చాక్ పెయింటుకు చెక్క సిద్ధం చేయనక్కరలేదన్న ప్రచారం ఇక్కడ బోల్తా పడుతుంది. పాత ఎర్ర పాలిష్ ఉన్న సామానుకు లేత రంగు వేయదలిస్తే, మధ్యలో మరకను ఆపే పొర తప్పదు. ఆ పొర మళ్లీ మన చంద్రసే. అయితే మైనం తీసిన చంద్రస. ఒక చోట తీసివేయవలసి వచ్చినదే ఇంకొక చోట కాపలా కాయడం నాకు ఈ వ్యవహారమంతటిలోకీ ముచ్చటైన విషయం.

ఇది మేస్త్రీకి తెలియదా అంటే తెలుసు. డ్రెస్సింగ్ టేబుల్‌ను ఆయన ముట్టలేదు, చాక్ పెయింటు కోసమని ఈ మధ్యనే చేరిన ఒక కుర్రవాడికి అప్పగించారట. దూది పరీక్ష బీరువాకు చేశారు గాని దీనికి చేయలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. ఒకే వర్క్‌షాపులో ఒక వస్తువుకు పాతికేళ్ల చెయ్యి, ఇంకొక దానికి అయిదు నెలల చెయ్యి పడతాయి, రెండింటికీ బిల్లు ఒకే పుస్తకంలో రాస్తారు. ఏ వస్తువు ఎవరి చేతికి వెళుతుందో ముందే అడగకపోవడం నా పొరపాటు.

ఈ లోపల డ్రెస్సింగ్ టేబుల్ రెండవ జబ్బు కూడా బయటపడింది. చాక్ పెయింటు మీద వారు మైనం పట్టించి, మెత్తని గుడ్డతో మెరుగు పెట్టారు. చూడటానికి అందమే. కాని మన ఇళ్లలో డ్రెస్సింగ్ టేబుల్ మీద ఉండేవి కొబ్బరినూనె సీసా, కుంకుమ భరిణ, కాటుక, పౌడరు, రాత్రి తీసి అంటించే బొట్టుబిళ్లలు. కొబ్బరినూనె సీసా అడుగున ఎప్పుడూ ఒక జిడ్డు వలయం ఉంటుంది. అది మైనాన్ని దాటి సుద్దపొరలోకి ఇంకి, రెండు వారాల్లో పచ్చని మచ్చ అయింది. చెన్నై ఎండకు కిటికీ పక్కన ఉన్న వైపు మైనం మెత్తబడి వేలిముద్రలు నిలవసాగాయి. ఈ ముగింపును పుస్తకాల అరకో, గోడకు వేలాడే చట్రానికో వాడితే అభ్యంతరం లేదు. నూనె తగిలే చోట, చేతులు రోజూ ఆనే చోట అది పనికిరాదని నిస్సందేహంగా చెబుతాను.

ఆగస్టులో డ్రెస్సింగ్ టేబుల్ మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లింది. మైనం ఉన్నంతవరకు వార్నిష్ పట్టదు కనుక ముందు టర్పెంటైన్‌తో మైనాన్నంతా తుడిచి, తేలికగా రుద్ది, మైనం తీసిన చంద్రస రెండు పూతలు వేసి, దాని మీద మళ్లీ మీగడ తెలుపు, పైన నీటితో కలిపే మెరుపులేని పీయూ రెండు పూతలు వేశారు. ఈసారి మేస్త్రీ చెయ్యి పడింది. చంద్రస తెచ్చిన ఖర్చు, పై పూత ఖర్చు కలిపి 1,400 అడిగారు. మరక మీ తప్పు, పై పూత మా ఎంపిక అని వాదించి, చివరకు 700కు ఒప్పుకున్నాము. న్యాయమో కాదో గాని, ఇద్దరమూ సమానంగా చిరాకుపడ్డాము. ఆరు నెలలు కావస్తున్నా మళ్లీ గులాబీ తేలలేదు. నూనె సీసా కింద ఇప్పుడు ఒక ఇత్తడి పళ్లెం పెట్టాను, అది వేరే సంగతి.

తరువాత వానలు వచ్చాయి. బీరువా వెలుపల పీయూ ముగింపు వీటిని బాగా తట్టుకుంది. పగుళ్లు లేవు, పెచ్చులు లేవు, తడిచేతి గుర్తు గుడ్డతో పోతోంది. నెమలికంఠం రంగు జూన్‌లో ఎలా ఉందో అలాగే ఉంది. లోపలి అరల సంగతి మాత్రం వేరు. అక్కడ తెల్లని ఎనామెల్ వేశారు. తలుపులు మూసి ఉంచే చోట ఎనామెల్ వాసన ఎంతకాలం నిలుస్తుందో నేను ఊహించలేదు. వినాయక చవితికి పట్టుచీర తీసినప్పుడు కూడా చీరలో రంగువాసనే ఉంది. పైగా ఆ తరహా ఎనామెల్ వెలుగు తగలని చోట పసుపుబారుతుంది కనుక, డిసెంబరుకు అరల తెలుపు పాత వార్తాపత్రిక రంగుకు తిరిగింది. బట్టలు పెట్టే లోపలి భాగాలకు రంగే వద్దు, చంద్రస రెండు పూతలు చాలని ఇప్పుడు మేస్త్రీ కూడా అంటున్నారు. అది మే నెలలో అని ఉంటే బాగుండేది. దీనికి వారు ఏ దిద్దుబాటూ చేయలేదు, మళ్లీ బీరువాను మోయించే ఓపిక మాకూ లేదు. అరల్లో తెల్లకాగితం పరుచుకున్నాము.

నవంబరు నడిమికి డ్రెస్సింగ్ టేబుల్ కింది సొరుగు కదలడం మానేసింది. చెక్క పొడవున దాదాపు మారదు గాని, తేమకు అడ్డంగా ఉబ్బుతుంది. సొరుగుకూ గూటికీ మధ్య పాత వడ్రంగి వదిలిన సందు ఆ ఉబ్బుకోసమే. ఆ సందులోకి ప్రైమరు, రంగు, వార్నిష్ కలిసి ఒక్కొక్క వైపు అయిదారు పూతలు దిగితే, వానకాలంలో ఉబ్బడానికి చోటెక్కడ మిగులుతుంది? రంగు రంగుకు ఆని అతుక్కుపోయి, బలంగా లాగితే అంచున గోరంత పెచ్చు లేచింది. మేస్త్రీ ఫోనులో చెప్పిన ప్రకారం, వానలు వెలిసి సొరుగు వదులయ్యాక, పక్క చెక్కల మీది రంగును 120 ఉప్పుకాగితంతో చెక్క కనపడేదాకా తీసివేసి, కొవ్వొత్తి రుద్దాను. ఇప్పుడు వెన్నలా జారుతోంది. సొరుగుల పక్కలకూ అడుగుకూ రంగు వేయవద్దని పని ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. ముందు పలక ఒక్కదానికి వేస్తే చాలు.

చదివేవారు అడగబోయే ప్రశ్న, ఇంత ఖర్చూ ఇంత తిరుగుడూ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అని. మొత్తం మీద మాకు 22,500 అయింది. అదే కొలతల్లో గట్టి టేకు బీరువా ఇప్పుడు చేయిస్తే దీనికి అనేక రెట్లవుతుంది. ఈ డబ్బుకు దొరికేది పార్టికల్ బోర్డు బీరువా, దాని అంచు చెన్నై తేమకు ఉబ్బితే మళ్లీ రుద్దడానికి కింద చెక్కే ఉండదు. కనుక గట్టి చెక్క సామాను ఉన్నవారికి ఈ సేవ డబ్బుకు తగినదే. వెనీరు, అంటే పలచని చెక్కపొర, అంటించిన సామానుకు ఇంత ఖర్చు పెట్టమని చెప్పను, యంత్రంతో రెండుసార్లు రుద్దితే వెనీరు అరిగి కింది చెక్క బయటపడుతుంది. ఇంట్లో స్ప్రే పాలిష్ అలవాటు ఉన్నవారు ఆ మాట మేస్త్రీకి ముందే చెప్పాలి. వాటిలోని సిలికాన్ చెక్క మీద మిగిలి ఉంటే కొత్త రంగు ఆ చోట నిలవక, చేపకళ్లలాంటి గుంటలుగా విడిపోతుంది.

ఈ వర్క్‌షాపుకు మళ్లీ వెళతానా? మేస్త్రీ ఉన్నంతకాలం వెళతాను, ఆయన చేతితోనే చేయించాలన్న షరతుతో. చెక్క సిద్ధం చేయడంలో అయిదుకు అయిదు, బయటి రంగుకు నాలుగు, చెప్పిన తేదీకి పంపినందుకు మార్కులు వేయదలచుకోలేదు, ఎందుకంటే ఆ తొందరే ముద్రలు తెచ్చిపెట్టింది. పనివారి ఊపిరి పట్ల శ్రద్ధకు సున్న.

కుర్చీ సంగతి మిగిలింది. దానికి కూడా నెమలికంఠం రంగు వేయమని నేను అడిగినప్పుడు, మేస్త్రీ కుర్చీ చెయ్యి అడుగున గోటితో గీరి, మామయ్యగారి వైపు చూసి, “ఇది రోజ్‌వుడ్ సార్, జిట్రేగి. దీనికి నేను రంగు వెయ్యను. ఇంకెవరి చేతనైనా వేయించుకుంటే నన్ను పిలవకండి” అన్నారు. నల్లని చారలతో ఊదా తిరిగిన ఆ చెక్క నరాల్లోకి తెల్లటి పుట్టీ దిగితే మళ్లీ పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదట. వచ్చే పని వదులుకున్న ఆ మాట విని మామయ్యగారు ఆయనకు రెండవసారి కాఫీ ఇప్పించారు. కుర్చీకి పాత పాలిష్ తుడిచి, మళ్లీ చేతితో ఫ్రెంచ్ పాలిష్ చేసి, పేము కొత్తగా అల్లించాలని నిర్ణయించాము. తేమ ఉన్న రోజుల్లో ఆ పాలిష్ పాలిపోతుంది కనుక వానలు పూర్తిగా వెలిశాకనే చేస్తానన్నారు. చంద్రస పొరలు నేనే నైనియప్ప నాయకన్ వీధిలో కొని తెచ్చి ఉంచాను. ఫిబ్రవరి రెండవ వారంలో వచ్చి తీసుకువెళతారు, అల్లిక కూలితో కలిపి 4,200 చెప్పారు. బుడగల కాగితం చుట్టవద్దని, పాత దుప్పట్లు మేమే ఇస్తామని చెప్పాము.